కాలేజీ సాకర్ కోచ్ అంటే ఏం ఉద్యోగం? బ్రూస్ విల్సన్ దారి, మన పిల్లల ఆలోచన

కెనడాలో తెలుగు కుటుంబాల పిల్లలు సాకర్ ఆడటం ఇప్పుడు మామూలు విషయం. ఐదేళ్ళ వయసులో క్లబ్బులో పేరు రాయిస్తాం. వేసవిలో వారానికి రెండు సాయంత్రాలు మైదానం పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చుంటాం. చలికాలంలో ఇండోర్ డోమ్‌కి తిప్పుతాం. పన్నెండో తరగతి వచ్చేసరికి చాలా ఇళ్ళల్లో ఆట ఆగిపోతుంది. కొందరు పిల్లలు మాత్రం ఆపరు. యూనివర్సిటీ జట్టులో ఆడతామంటారు, ఆ తర్వాత కోచ్ అవుతామంటారు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు అడిగే మొదటి మాట: "కోచ్ అంటే అదొక ఉద్యోగమేనా?"

నేను ఒంటారియోలో ఉంటూ పదేళ్ళుగా వారాంతాల్లో పిల్లల జట్లకు స్వచ్ఛందంగా శిక్షణ ఇస్తున్నాను. ఈ ప్రశ్న చాలామంది తల్లిదండ్రులు నన్ను అడిగారు. ఒక్క ముక్కలో తేలే జవాబు కాదు ఇది. అందుకే ఇక్కడి ఒక కోచ్ జీవితాన్ని ముందు పెట్టుకుని, ఈ వృత్తి ఎలా నడుస్తుందో, అందులోకి ఎలా వెళ్తారో, ఇంట్లో ఏం లెక్క వేసుకోవాలో రాస్తున్నాను. ఆ కోచ్ పేరు బ్రూస్ విల్సన్. కెనడా ప్రపంచ కప్‌లో మొదటిసారి ఆడినప్పుడు ఆ జట్టు కెప్టెన్ ఆయనే. ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు విక్టోరియా విశ్వవిద్యాలయంలో పురుషుల సాకర్ జట్టుకు కోచ్‌గా పనిచేశారు.

ముందు ఒక చిన్న వివరణ. అమెరికాలో "కాలేజీ సాకర్" అంటే యూనివర్సిటీలన్నీ అందులోకే వస్తాయి. కెనడాలో యూనివర్సిటీ వేరు, డిప్లొమా ఇచ్చే కాలేజీ వేరు. రెండింటికీ వేరువేరు క్రీడా సంఘాలు, వేరువేరు పోటీలు ఉన్నాయి. ఈ వ్యాసంలో కాలేజీ కోచ్ అన్నప్పుడల్లా రెండు చోట్లా పనిచేసేవారిని కలిపే అంటున్నాను.

ఆటగాడిగా బ్రూస్ విల్సన్

విల్సన్ 1951లో వాంకూవర్‌లో పుట్టారు. ఆడిన స్థానం లెఫ్ట్ బ్యాక్. గోల్ కొట్టి పేపర్లో ఫొటో వేయించుకునే స్థానం కాదది. ఎదుటి జట్టు రెక్కల మీదుగా దూసుకొచ్చేవాళ్ళను అడ్డుకోవడం, బంతిని శుభ్రంగా ముందుకు అందించడం దాని పని. 1974లో నార్త్ అమెరికన్ సాకర్ లీగ్‌లో వాంకూవర్ వైట్‌క్యాప్స్‌తో మొదలుపెట్టి, చికాగో స్టింగ్, న్యూయార్క్ కాస్మోస్, టొరంటో బ్లిజార్డ్ జట్లకు ఆడారు. 1980లో కాస్మోస్ ఆ లీగ్ విజేతగా నిలిచింది. బెకెన్‌బవర్, కినాలియా లాంటివాళ్ళు ఆ జట్టులో ఉన్న రోజులవి.

కెనడా జాతీయ జట్టుకు ఆయన 57 మ్యాచ్‌లు ఆడారు. 1984 లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్‌లో కెనడా క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళి, బ్రెజిల్‌తో 1-1తో సమంగా నిలిచి, పెనాల్టీల్లో ఓడింది. 1985 సెప్టెంబరు 14న న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్‌లో హోండురాస్‌ను 2-1తో ఓడించి కెనడా తొలిసారి ప్రపంచ కప్‌కు అర్హత సంపాదించింది. మరుసటి ఏడాది మెక్సికోలో కోచ్ టోనీ వెయిటర్స్ పర్యవేక్షణలో, విల్సన్ కెప్టెన్సీలో జట్టు బరిలోకి దిగింది. ఫ్రాన్స్ చేతిలో 0-1, హంగరీ చేతిలో 0-2, సోవియట్ యూనియన్ చేతిలో 0-2. ఒక్క గోలూ రాలేదు. అయినా యూరోపియన్ చాంపియన్‌గా వచ్చిన ఫ్రాన్స్‌ను 79వ నిమిషం దాకా నిలువరించిన జట్టది. కెనడా పురుషుల జట్టు మళ్ళీ ప్రపంచ కప్‌లో ఆడటానికి 36 ఏళ్ళు పట్టింది.

ఇక్కడ మనం గమనించాల్సింది స్కోర్లు కాదు. నార్త్ అమెరికన్ సాకర్ లీగ్ 1984 సీజన్‌తో ఆగిపోయింది. అంటే ప్రపంచ కప్‌కు వెళ్ళబోతున్న జట్టులో చాలామందికి సొంత దేశంలో ఆడుకోవడానికి పెద్ద లీగ్ లేదు. కొందరు ఇండోర్ సాకర్‌తో నెట్టుకొచ్చారు. హోండురాస్ మీద ఆ రోజు గోల్ కొట్టినవాళ్ళలో ఒకరైన జార్జ్ పాకోస్, విక్టోరియా నగరపాలక సంస్థ నీటి విభాగంలో ఉద్యోగి. ప్రపంచ కప్ స్థాయి ఆటగాడికి కూడా ఆట ఒక్కటే కూడు పెట్టని రోజులవి. ఆట నుంచి తప్పుకున్నాక విల్సన్ విశ్వవిద్యాలయ కోచింగ్‌ను ఎంచుకోవడాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. దేశంలో ప్రొఫెషనల్ జట్లు వచ్చాయి, మూతపడ్డాయి. యూనివర్సిటీ జట్లు మాత్రం ఏటా సెప్టెంబరులో మైదానంలోకి వస్తూనే ఉన్నాయి.

విక్టోరియాలో మూడు దశాబ్దాలు

విక్టోరియా విశ్వవిద్యాలయం వాంకూవర్ ద్వీపం మీద ఉంది. జట్టు పేరు వైక్స్. ద్వీపం అవతల మ్యాచ్ ఉందంటే ముందు ఫెర్రీ ఎక్కాలి, సముద్రం దాటడానికే గంటన్నర పైన పడుతుంది. 1980ల చివర్లో ఈ జట్టు బాధ్యత తీసుకున్న విల్సన్ 2010ల చివరిదాకా అక్కడే ఉన్నారు. ఆయన హయాంలో వైక్స్ 2004లోనూ, 2011లోనూ జాతీయ విజేతలు. 2000 సంవత్సరంలో కెనడా సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది.

ఆ రెండు టైటిళ్ళ మధ్య ఏడేళ్ళు. కాలేజీ జట్టులో ఆటగాడు ఉండేది మహా అయితే ఐదేళ్ళు. అంటే 2004లో గెలిచిన పిల్లలు వేరు, 2011లో గెలిచిన పిల్లలు వేరు. మొదటివాళ్ళు పట్టాలు పుచ్చుకుని ఉద్యోగాల్లో, సంసారాల్లో పడిపోయాక, కోచ్ మళ్ళీ పద్దెనిమిదేళ్ళ కొత్తవాళ్ళతో మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాలి. ప్రొఫెషనల్ కోచ్ డబ్బు పెట్టి తయారైన ఆటగాణ్ణి తెచ్చుకుంటాడు. కాలేజీ కోచ్ తయారుచేస్తాడు, తయారైన వెంటనే పంపించేస్తాడు. మన ఊళ్ళో పదో తరగతి లెక్కల మాస్టారు ఏటా చేసే పని ఇదే.

అందుకే ఈ ఉద్యోగాన్ని ఆటల ఉద్యోగంగా కన్నా పంతులు ఉద్యోగంగా చూస్తేనే మనకు సరిగ్గా అర్థమవుతుందని నేననుకుంటాను.

కోచ్ ఏడాది ఎలా గడుస్తుంది?

మనకు కనిపించేది తొంభై నిమిషాల మ్యాచ్. కనిపించని పని చాలా ఉంది.

ఆగస్టులో క్యాంప్ మొదలవుతుంది. పాతవాళ్ళు, కొత్తగా పిలిచినవాళ్ళు, ఎవరూ పిలవకపోయినా తమంతట తాము ట్రైఅవుట్‌కు వచ్చినవాళ్ళు, అందరిలోంచీ జట్టును ఎంచాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో లీగ్ మ్యాచ్‌లు. చాలా వారాంతాల్లో రెండేసి ఉంటాయి. నవంబరులో ప్రాంతీయ ప్లేఆఫ్‌లు, ఆ వెంటనే జాతీయ పోటీ. ఇంత పొడుగు శరదృతువు అంతా కలిపితే మూడు నెలలు కూడా కాదు.

మిగతా తొమ్మిది నెలల్లో అసలు పని. జనవరి నుంచి ఇండోర్ ప్రాక్టీసు, ఫిట్‌నెస్. క్లబ్ టోర్నమెంట్లకు తిరిగి పదకొండు, పన్నెండో తరగతి పిల్లలను చూసుకోవడం. తల్లిదండ్రులతో మాట్లాడటం. బస్సులు, హోటళ్ళు, బడ్జెట్. పాత విద్యార్థుల దగ్గర విరాళాలు అడగడం. గాయపడిన కుర్రాణ్ణి ఫిజియో దగ్గరికి పంపడం, ఇంటి మీద బెంగ పెట్టుకున్న మొదటి ఏడాది పిల్లతో కూర్చుని మాట్లాడటం. వేసవిలో ఆటగాళ్ళు క్లబ్బులకు, ప్రాంతీయ లీగ్‌లకు వెళ్తారు. క్యూబెక్‌లో 2012లో, ఒంటారియోలో 2014లో, బ్రిటిష్ కొలంబియాలో 2022లో మొదలైన సెమీ ప్రొఫెషనల్ లీగ్‌లు ఇప్పుడు యూనివర్సిటీ పిల్లలకు వేసవి బడులు.

చదువు సంగతి కూడా కోచ్ చూసుకోవాల్సిందే. యూనివర్సిటీ జట్టులో కొనసాగాలంటే ఆడే టర్ములో కనీసం మూడు కోర్సులు చదువుతూ ఉండాలి. ముందటి ఏడాదిలో 18 క్రెడిట్లయినా పాసై ఉండాలి. ఒక మంచి ఆటగాడు కెమిస్ట్రీ తప్పితే ఆ దెబ్బ జట్టుకూ తగులుతుంది. "ఆటల్లో పడితే చదువు పోతుంది" అని భయపడే ఇళ్ళకు ఈ నిబంధన కొంత ధైర్యం ఇస్తుంది.

కెనడాలో కాలేజీ సాకర్ వ్యవస్థ

యూనివర్సిటీలకు జాతీయ స్థాయిలో యూ స్పోర్ట్స్ అనే సంఘం ఉంది. 2016 దాకా దీని పేరు సీఐఎస్. దీని కింద నాలుగు ప్రాంతీయ విభాగాలు: పశ్చిమాన కెనడా వెస్ట్, ఒంటారియోలో ఓయూఏ, క్యూబెక్‌లో ఆర్‌ఎస్‌ఈక్యూ, తూర్పు తీరాన ఏయూఎస్. పురుషుల జాతీయ పోటీ 1972 నుంచి జరుగుతోంది, విజేతకు ఇచ్చేది శామ్ డేవిడ్‌సన్ ట్రోఫీ. మహిళల పోటీ 1987లో మొదలైంది, వాళ్ళది గ్లాడిస్ బీన్ ట్రోఫీ.

డిప్లొమా కాలేజీలకు సీసీఏఏ అనే వేరే సంఘం ఉంది. మన పిల్లలు ఎక్కువగా చేరే హంబర్, ఫాన్‌షా, డగ్లస్ లాంటి సంస్థల జట్లు ఇందులో ఆడతాయి. ఇక్కడా పురుషులకు, మహిళలకు జాతీయ పోటీలున్నాయి. ఇండియా నుంచి స్టడీ పర్మిట్ మీద వచ్చిన విద్యార్థులు కూడా అర్హత నిబంధనలకు సరిపోతే ఈ జట్లలో ఆడొచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియక ట్రైఅవుట్ల తేదీలు దాటిపోతున్నాయి. కాలేజీలో సీటు ఖాయమైన రోజే అథ్లెటిక్స్ విభాగానికి ఒక ఈమెయిల్ పెట్టండి.

డబ్బు విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. అమెరికాలో పెద్ద డివిజన్ జట్లు ఇచ్చే స్కాలర్‌షిప్‌లో హాస్టలు, తిండి ఖర్చు కూడా కలిసే అవకాశం ఉంది. కెనడా యూనివర్సిటీల్లో ఉంటూ వచ్చిన పద్ధతి ప్రకారం క్రీడా సహాయం ట్యూషన్, తప్పనిసరి ఫీజుల మొత్తాన్ని దాటకూడదు. ప్రాంతీయ విభాగాలు, యూనివర్సిటీలు అంతకన్నా తక్కువ పరిమితి పెట్టుకోవచ్చు. ఉన్న డబ్బును కోచ్ జట్టులో చాలామందికి పంచాలి. "ఫుల్ స్కాలర్‌షిప్ వస్తుందిలే" అన్న ఆశతో ఏళ్ళ తరబడి వేల డాలర్లు క్లబ్ ఫీజులు కట్టడం లెక్కకు నిలవదు. ఆట మీద ఇష్టం ఉంటే కట్టండి. పెట్టుబడి అనుకుని మాత్రం కట్టకండి.

ఒక కోచ్ చేతిలో ఏముంటుంది?

బర్నబీలో పుట్టిన క్రిస్టీన్ సింక్లెయిర్ గురించి మన ఆడపిల్లల్లో తెలియనివారు తక్కువ. అంతర్జాతీయ మ్యాచ్‌లలో 190 గోల్స్. ఆడవాళ్ళలో గానీ మగవాళ్ళలో గానీ అన్ని గోల్స్ చేసినవారు ఆమె రిటైరయ్యే నాటికి ఎవరూ లేరు. ఆమె 2001లో సరిహద్దు దాటి అమెరికాలోని పోర్ట్‌లాండ్ విశ్వవిద్యాలయంలో చేరింది. అక్కడి కోచ్ క్లైవ్ చార్ల్స్.

చార్ల్స్ లండన్‌లో పుట్టి, వెస్ట్ హామ్‌కు ఆడి, ఆపైన పోర్ట్‌లాండ్ టింబర్స్‌కు వచ్చి అక్కడే స్థిరపడ్డారు. 1986లో ఆ యూనివర్సిటీ పురుషుల జట్టుకు, 1989లో మహిళల జట్టుకు కోచ్ అయ్యారు. రెండు జట్లనూ ఒకేసారి నడిపించారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన అమెరికా పురుషుల జట్టుకు కూడా ఆయనే కోచ్. క్యాన్సర్‌తో పోరాడుతూనే 2002 సీజన్ నడిపారు. ఆ డిసెంబరులో పోర్ట్‌లాండ్ అమ్మాయిలు శాంటా క్లారాను 2-1తో ఓడించి జాతీయ విజేతలయ్యారు. రెండు గోల్సూ సింక్లెయిర్‌వే. 2003 ఆగస్టులో చార్ల్స్ కన్నుమూశారు.

పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లలను మనం ఇల్లు దాటించి పంపేది ఇలాంటి మనిషి చేతికే. యూనివర్సిటీ ర్యాంకింగ్ చూడటానికి మనం పెట్టే సమయంలో సగమైనా కోచ్ ఎలాంటివాడో తెలుసుకోవడానికి పెట్టాలని చెప్పడానికే ఈ కథ రాశాను.

అమెరికా వెళ్ళితేనే పైకి వస్తారన్న మాట కూడా ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. బ్రిటిష్ కొలంబియాలోని ట్రినిటీ వెస్టర్న్ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడిన జోయెల్ వాటర్‌మన్‌ను కెనడియన్ ప్రీమియర్ లీగ్ 2018లో పెట్టిన తొలి యూనివర్సిటీ డ్రాఫ్ట్‌లో కాల్గరీకి చెందిన కావల్రీ జట్టు తీసుకుంది. 2020లో అతను మాంట్రియల్‌కు మారి, ఆ లీగ్ నుంచి మేజర్ లీగ్ సాకర్‌కు బదిలీ అయిన మొదటి ఆటగాడయ్యాడు. 2022 ఖతార్ ప్రపంచ కప్‌లో కెనడా జట్టు సభ్యుడు కూడా. ఆ డ్రాఫ్ట్‌లో ఎంపికైనవాళ్ళు వేసవిలో ప్రొఫెషనల్ జట్టుతో ఉండి, శరదృతువులో తిరిగి యూనివర్సిటీకి వచ్చి మిగిలిన అర్హతతో ఆడుకునే ఏర్పాటు కూడా ఉంది. అమ్మాయిలకు 2025 ఏప్రిల్‌లో ఆరు జట్లతో నార్తర్న్ సూపర్ లీగ్ మొదలైంది. కెనడాలో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ సాకర్ లీగ్ ఇదే మొదటిది. జట్లు పెరిగేకొద్దీ కోచ్‌లూ, అసిస్టెంట్లూ, వీడియో విశ్లేషకులూ కావాలి.

కోచ్ కావాలంటే మెట్లు

విల్సన్ తరంలో పెద్ద ఆటగాడన్న పేరే కోచింగ్‌కు అర్హత. ఇప్పుడు కాగితాలు కావాలి. కెనడా సాకర్ సంస్థ నిచ్చెన ఇలా ఉంటుంది. మొదట పిల్లల వయసును బట్టి ఒకటి రెండు రోజుల ప్రాథమిక వర్క్‌షాపులు. వాటితోపాటు నైతిక నిర్ణయాల మీద, పిల్లల భద్రత మీద చిన్న కోర్సులు, పోలీసుల నుంచి నేర చరిత్ర తనిఖీ. ఆపైన సి లైసెన్స్, బి లైసెన్స్, ఎ లైసెన్స్, చిట్టచివర ప్రొ లైసెన్స్. యూనివర్సిటీ ప్రధాన కోచ్ ఉద్యోగ ప్రకటనల్లో సాధారణంగా బి లేదా ఎ అడుగుతారు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు వెళ్ళడానికి నడుమ జట్టుతో పనిచేసిన అనుభవం చూపించాలి. కాబట్టి ఇది పరీక్ష రాసి ఒక్క ఏడాదిలో ముగించే చదువు కాదు.

చదువు వైపు చూస్తే కైనెసియాలజీ, శారీరక విద్య, స్పోర్ట్ మేనేజ్‌మెంట్ డిగ్రీలు ఎక్కువమంది దారి. యూబీసీ లాంటి చోట కోచింగ్ మీదనే మాస్టర్స్ స్థాయి చదువు ఉంది. డిగ్రీ తర్వాత బీఎడ్ చేసి స్కూల్లో టీచరుగా చేరి, సాయంత్రాలు కోచింగ్ చేసేవాళ్ళూ చాలామంది.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. పూర్తి జీతం, పెన్షన్ ఉండే ప్రధాన కోచ్ పదవులు దేశం మొత్తం మీద తక్కువ. చాలా కాలేజీల్లో కోచ్‌ది పార్ట్‌టైమ్ పని, సీజన్‌కు ఇంత అని గౌరవ వేతనం. అసిస్టెంట్లలో కొందరు దాదాపు ఉచితంగా చేస్తారు. పగలు క్లబ్ టెక్నికల్ డైరెక్టరుగానో, టీచరుగానో, ఏదో ఆఫీసులోనో ఉద్యోగం, సాయంత్రం కాలేజీ మైదానం. ఒంటారియోలో ఉన్నవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. 1996 నాటి చట్టం ప్రకారం లక్ష డాలర్లు, అంతకు మించి జీతం తీసుకునే ప్రభుత్వ రంగ ఉద్యోగుల జాబితా ఏటా బయటపెడతారు. యూనివర్సిటీలు, కాలేజీలు అందులో ఉంటాయి. కోచ్‌ల పేర్లు ఎన్ని ఉన్నాయో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు.

స్టడీ పర్మిట్ మీద ఉన్న విద్యార్థులకు ఇంకో జాగ్రత్త. జీతం తీసుకుని క్యాంపస్ బయట క్లబ్బులో కోచింగ్ చేస్తే అది ఉద్యోగమే. 2024 నవంబరు నుంచి తరగతులు జరిగే రోజుల్లో వారానికి 24 గంటల పరిమితి ఉంది, ఆ గంటల్లో ఇదీ కలుస్తుంది. నగదు ఇచ్చారు కదా అని లెక్కలోంచి తీసేయకండి.

మా ఇంట్లో ఈ విషయం మాటల దగ్గర ఆగిపోలేదు. మా అమ్మాయి పదకొండో తరగతి. కైనెసియాలజీ చదివి కోచ్ అవుతానంటోంది. విజయవాడ నుంచి వాళ్ళ అమ్మమ్మ వీడియో కాల్‌లో, "బంతాటలు నేర్పడానికా తల్లీ, మీ అమ్మానాన్నలు అంత దూరం వెళ్ళింది?" అంది. నా భార్య ఆందోళన వేరు. పదేళ్ళు కష్టపడ్డాక కూడా పార్ట్‌టైమ్ జీతమే అయితే ఎలా అని. ఆ మాటను కొట్టిపారేయలేను. అలాగని పిల్ల ఇష్టాన్నీ కొట్టిపారేయలేను. ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. రెండు వేసవులు చిన్నపిల్లల జట్టుకు అసిస్టెంటుగా పనిచేయాలి. రెఫరీ కోర్సు చేయాలి. ప్రాథమిక వర్క్‌షాపులు పూర్తి చేయాలి. వానలో, చలిలో, ఓడిన జట్టు తల్లిదండ్రుల రుసరుసల మధ్య కూడా ఇష్టం అలాగే ఉంటే కైనెసియాలజీకి మేం అడ్డు చెప్పం. డిగ్రీ తర్వాత బీఎడ్ తలుపు తెరిచి ఉంచుకోవాలన్నది తన తల్లి పెట్టిన షరతు. ఒక వేసవి అయింది, ఇంకోటి ఉంది.

హైదరాబాదుకు తెలిసిన పాఠమే

కోచింగ్‌ను టీచరు పనిగా చూడటం మనకు కొత్త కాదు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో అందరికన్నా గొప్ప కోచ్‌గా చెప్పుకునే సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. 1909లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే జట్టులో ఆడి, నగరంలోని పాఠశాలల్లో పాఠాలు చెప్పి, ఆపైన శారీరక విద్యలో డిప్లొమా చేశారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 1962లో జకార్తాలో క్యాన్సర్‌తో ఉండి కూడా జట్టును నడిపించారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ స్వర్ణం. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన చనిపోయారు. 2024లో వచ్చిన "మైదాన్" సినిమా ఆయన మీద తీసిందే.

రహీం తన పిల్లలకు పాస్ ఇవ్వడం అలవాటు కావాలని డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారని చెబుతారు. పంతులుకు తట్టే ఆలోచన అది. పిల్లవాడికి ఏది రాదో చూసి, అది చేయక తప్పని పరిస్థితి కల్పించడం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం లాంటి కుర్రాళ్ళు ఒలింపిక్స్ దాకా వెళ్ళింది ఇలాంటి శిక్షణతోనే. మనవాళ్ళకు ఆటల సంప్రదాయం లేదనే మాట వినిపించినప్పుడు ఈ పేర్లు పిల్లలకు చెప్పండి.

యూనివర్సిటీ చూడటానికి వెళ్ళినప్పుడు

పదకొండో తరగతి నుంచే పిల్లలు కోచ్‌లకు ఈమెయిల్ రాయడం మొదలుపెట్టాలి. తామే రాయాలి, అమ్మానాన్నలు కాదు. ఆడే స్థానం, క్లబ్, మార్కులు, రెండు మూడు నిమిషాల వీడియో, రాబోయే మ్యాచ్‌ల తేదీలు ఉంటే చాలు. క్యాంపస్‌కు వెళ్ళినప్పుడు మర్యాదగా ఈ ప్రశ్నలు అడగండి.

మీరు పూర్తికాలపు కోచా, పార్ట్‌టైమా? మా పిల్ల ఈ స్థానంలో మొదటి ఏడాది ఎన్ని మ్యాచ్‌లు ఆడే వీలుంది? సహాయం డబ్బు ఎంత, ఏటా మళ్ళీ ఇస్తారా, గాయపడితే ఆపేస్తారా? ప్రయాణాల వల్ల తప్పిన ల్యాబులు, పరీక్షలు ఎలా సర్దుతారు? జట్టులో ఇంజినీరింగ్, నర్సింగ్ చదివేవాళ్ళున్నారా, వాళ్ళు నెట్టుకురాగలుగుతున్నారా? గాయమైతే ఎవరు చూస్తారు? కోచింగ్ మీద ఆసక్తి ఉన్న ఆటగాళ్ళకు మీ వేసవి క్యాంపుల్లో పని ఇస్తారా?

ఇంకొకటి కూడా అడగండి. నాలుగేళ్ళ క్రితం మీ జట్టులో చేరినవాళ్ళలో ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారు, ఇప్పుడెక్కడున్నారు? మంచి కోచ్ దీనికి తడుముకోడు. ఒక్కొక్కరి పేరు చెప్పి, ఎవరు నర్సయ్యారో, ఎవరు ఏ ఊళ్ళో టీచరుగా ఉన్నారో, ఎవరికి పెళ్ళయిందో కూడా చెబుతాడు. గెలిచిన కప్పుల సంఖ్య మాత్రమే చెప్పి ఆపేస్తే, ఇంకో యూనివర్సిటీ కూడా చూసి రండి.